కోతి జ్వరం ముప్పు పటం పంచాయతీ గోడ మీదికి రావాలి: ఆరోగ్య, అటవీ, పశుసంవర్ధక శాఖలకు బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖకు,
కర్ణాటక, కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య, అటవీ, పశుసంవర్ధక శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాడిని. కొన్ని ప్రాంతాల్లో పిడుదులనీ, కొన్నిచోట్ల గోమార్లనీ పిలిచే ఆ చిన్న జీవులతో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పశువు చెవిలోపల, గంగడోలు ముడతల్లో, తోక కింద అవి గుత్తులుగా పట్టి ఉండటం ప్రతి రైతూ చూసినదే. కానీ ఆ కోవకే చెందిన ఒక పిడుదు పశ్చిమ కనుమల అడవి అంచున కోతి జ్వరం అంటించి మనిషి ప్రాణం తీస్తోందన్న సంగతి, ఆ అడవికి వంటచెరకు కోసం వెళ్లే మనిషికి తగిన సమయంలో, తగిన చోట చెప్పే ఏర్పాటు నేటికీ లేదు.

దీనిగురించి రెండేళ్లలో మూడు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి రశీదు సంఖ్య వచ్చింది. రెండవదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్న ఒక వాక్యం వచ్చింది. మూడవదానికి ఏమీ రాలేదు. ఏ కార్యాలయం ఏమి చేసిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు కనుక పేరు రాయడం లేదు. జ్వరాల కాలంలో అడవి దారుల్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తల శ్రమ, చనిపోయిన కోతిని చూసి కబురందించే అటవీ సిబ్బంది శ్రమ నాకు తెలుసు. వారి శ్రమ ముందుచూపుతో కూడిన పటం లేక చాలావరకు ఆలస్యంగా ఫలిస్తోందన్నదే నా ఆవేదన.

విషయం నేరుగా చెబుతాను. క్యాసనూర్ అటవీ వ్యాధి, అంటే జనం నోట కోతి జ్వరం లేదా మంకీ ఫీవర్, 1957లో నాటి మైసూరు రాష్ట్రంలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో మొదటిసారి బయటపడింది. క్యాసనూర్ అడవిలో కోతులు వరుసగా చనిపోతుండగా చుట్టుపక్కల గ్రామాల్లో మనుషులకు తీవ్ర జ్వరం వచ్చింది. ఎల్లో ఫీవర్ మన దేశంలోకి ప్రవేశించిందేమోనన్న భయంతో పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు హుటాహుటిన వెళ్లి పరీక్షించి, అది పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరస్ అని తేల్చారు. ఏటా సగటున 400 నుంచి 500 మంది దీని బారిన పడుతున్నారని, వారిలో 3 నుంచి 5 శాతం మంది చనిపోతున్నారని అంచనా. దశాబ్దాలపాటు ఇది శివమొగ్గ, దాని పొరుగు జిల్లాల వ్యాధిగానే పేరుపడింది. 2012లో బండీపూర్ అడవిలో చనిపోయిన కోతులను తాకిన అటవీ సిబ్బందికి సోకింది. తర్వాత నీలగిరుల్లో, కేరళలోని వయనాడ్, మలప్పురంలలో, 2015లో గోవాలోని సత్తరి తాలూకాలో, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాలో కనిపించింది. అంటే ఒక జిల్లా వ్యాధి అనుకున్నది మన కళ్లముందే ఐదు రాష్ట్రాల వ్యాధి అయింది.

ఈ వ్యాధి ఎక్కడపడితే అక్కడ రాదు. దాన్ని మోసే ప్రధాన పిడుదు హీమాఫిసాలిస్ స్పినిజెరా తన జీవితంలో ఎక్కువ భాగం ఏ జంతువు మీదా ఉండదు; రాలిన ఆకుల పొరలో, గడ్డి మొదళ్లలో ఎదురుచూస్తూ ఉంటుంది. నేల ఎండిపోతే అదీ ఎండి చస్తుంది కనుక తేమ, నీడ, ఆకుల పొర దానికి ప్రాణాధారాలు. వానాకాలంలో పెద్ద పిడుదులు పశువుల వంటి పెద్ద జంతువుల రక్తం తాగి, నేల మీద వేల గుడ్లు పెడతాయి. వానలు తగ్గాక పిల్ల పిడుదులు బయటికొచ్చి అడవి ఎలుకలను, పక్షులను, కోతులను పట్టుకుంటాయి. డిసెంబరు నుంచి మే వరకు వాటి తర్వాతి దశ, ఆవగింజంత ఉండే నింఫ్‌లు, అడవిలో కదిలే దేన్నయినా కరుస్తాయి. మనిషికి వ్యాధి ప్రధానంగా అంటించేది ఈ దశే. వైరస్ సోకిన కొండముచ్చు గానీ కోతి గానీ చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది పిడుదులన్నీ దిగి, ఆ చుట్టుపక్కల నేలలో చేరతాయి. ఆ చోటే కొన్ని వారాలపాటు అత్యంత ప్రమాదకరమైన చోటు. ఇక పశువు విషయం. అది వైరస్‌ను పెంచి పంచదు, కానీ పిడుదుల సంతతిని పెంచుతుంది. ఈ తేడాను నేను చదువుకున్న రోజుల్లోనే మాకు నొక్కి చెప్పారు. ఎందుకంటే పొరపాటున అర్థం చేసుకుంటే నింద పశువు మీద, పశువును మేపేవాడి మీద పడుతుంది.

వానలు, తేమ, అడవి రకం, తోటల విస్తీర్ణం, పశువుల సంఖ్య, కోతుల మరణాలు అన్నీ కొలవగలిగినవే. కొలవగలిగినవాటిని ఒక పటం మీద పొరలు పొరలుగా పరిచి, వ్యాధి వచ్చిన గ్రామాలతో పోల్చి, ఇంకా రాని గ్రామాల్లో ఎక్కడ ముప్పు ఎక్కువో లెక్కకట్టవచ్చు. ఇది నా ఊహ కాదు. భారత, బ్రిటన్ పరిశోధకులు ఆరోగ్య, అటవీ, పశుసంవర్ధక సిబ్బందితో కలిసి ఈ పని చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. తేమతో కూడిన సతతహరిత అడవి, తోటలు కలగలిసిన నేలల్లో, దేశవాళీ పశువుల సాంద్రత ఎక్కువ ఉన్నచోట ముప్పు ఎక్కువని, ఎండు ఆకురాల్చు అడవి ఎక్కువగా ఉన్నచోట తక్కువని వారు చూపారు. దేశవాళీ పశువుల మాట చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. సంకరజాతి ఆవును రైతు కొట్టంలో కట్టేసి మేపుతాడు. దేశవాళీ ఆవు అడవికి మేతకు వెళ్లి సాయంత్రానికి ఇంటికి తిరిగొస్తుంది. పిడుదు అడవినీ ఇంటినీ కలిపే దారి అదే.

శాస్త్రం ఇంత ముందుకొచ్చినా క్షేత్రంలో పద్ధతి పాతదే. కోతి చనిపోయాక, లేదా మనిషికి జ్వరం నిర్ధారణ అయ్యాక, ఆ చోటు చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం గీసి పని మొదలుపెట్టడమే చాలాకాలం నడిచిన విధానం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుగా ఉంది ఇది. టీకా ఉన్న రోజుల్లోనే ఈ విధానం ఆలస్యమైనది. నెల వ్యవధిలో రెండు మోతాదులు, ఆరు నుంచి తొమ్మిది నెలల్లో బూస్టరు, తర్వాత ఏటా మరో మోతాదు ఇవ్వాల్సిన టీకా, వ్యాధి వచ్చాక గీసిన వలయంలో ఆ ఏడాది ఎంతమందిని కాపాడగలదు? ఇప్పుడు ఆ టీకా కూడా లేదు. 2022లో దాని తయారీ ఆగిపోయింది. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థతో కలిసి కొత్త టీకా పనిలో ఉండటం సంతోషకరం. అది అడవి అంచు గ్రామానికి చేరేదాకా, వైరస్‌ను నేరుగా చంపే మందు కూడా లేనప్పుడు, ఎక్కడికి, ఏ నెలల్లో జాగ్రత్తగా వెళ్లాలో తెలియడమే సామాన్యుడికి మిగిలిన రక్షణ.

పటం లేకపోవడం వల్ల, ఉన్నా అది పరిశోధన పత్రాల్లోనే ఉండిపోవడం వల్ల, మామూలు మనుషులకు జరుగుతున్నదేమిటో అంశాలవారీగా మీ ముందుంచుతున్నాను.

1. పనిచేసే కాలమూ, పిడుదు కరిచే కాలమూ ఒకటే. జీడిగింజలు ఏరడం, ఎండుటాకులు పోగుచేయడం, కట్టెలు కొట్టడం, అటవీ ఉత్పత్తులు సేకరించడం అన్నీ జనవరి నుంచి మే లోపు పనులే. గోవాలోనూ సింధుదుర్గ్‌లోనూ ఈ వ్యాధి జీడిమామిడి తోటల్లో పనిచేసేవారిని తాకింది. ఆ పని మానుకొమ్మని చెప్పడం తేలిక; మానుకుంటే ఆ ఇంట ఏడాది ఆదాయంలో పెద్ద భాగం పోతుంది. ఫలానా తోట అంచు ఈ నెల ప్రమాదకరం, ఫలానా వాలు అంతగా కాదు అని చెప్పగలిగితే మనిషి పని మానుకోకుండానే దారి మార్చుకోగలడు. జిల్లా మొత్తాన్ని ఎరుపు రంగుతో నింపిన పటం అతనికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

2. జ్వరం పేరు తెలిసేలోపు సమయం గడిచిపోతుంది. కరిచిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో ఒక్కసారిగా జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు మొదలవుతాయి, కొందరికి రక్తస్రావమవుతుంది, కొందరికి జ్వరం తగ్గినట్టే తగ్గి మూడవ వారంలో మెదడుకు సంబంధించిన లక్షణాలతో మళ్లీ తిరగబెడుతుంది. తమ ప్రాంతం ముప్పు జాబితాలో ఉందని తెలియని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీన్ని డెంగీ అనో టైఫాయిడ్ అనో అనుకుంటారు. ఆ వైద్యుడిని తప్పుపట్టలేం. అతనికి ఎవరూ చెప్పలేదు. రక్త నమూనా దూరపు ప్రయోగశాలకు వెళ్లి ఫలితం వచ్చేలోపు రోగి అప్పు చేసి పట్నం ఆసుపత్రికి చేరతాడు. మొదటి రోజుల్లోనే అనుమానం కలిగితే రక్తస్రావం పెంచే నొప్పి మాత్రలు ఆపి, ద్రవాలు ఎక్కించి, ప్లేట్‌లెట్లను గమనిస్తూ అతన్ని దగ్గరలోనే కాపాడుకునే అవకాశం ఉంటుంది.

3. వ్యాధి కొత్త తాలూకాకు వచ్చిన ప్రతిసారీ మొదటి కొన్ని కుటుంబాలు బలవుతున్నాయి. 2018 చివర్లో శివమొగ్గ జిల్లా సాగర్ తాలూకాలోని అరళగోడు ప్రాంతంలో మొదలైన ఉద్ధృతి దానికి సాక్ష్యం. వ్యాధి పుట్టిన జిల్లాలోనే, అరవై ఏళ్ల అనుభవం ఉన్నచోటనే, అలా జరిగింది. అంత అనుభవం లేని వయనాడ్ ఆదివాసీ గూడేల పరిస్థితి, నీలగిరుల పరిస్థితి ఊహించండి.

4. నింద బలహీనుడి మీద పడుతుంది. పటం లేనిచోట పుకారు ఉంటుంది. కోతిని చంపితే వ్యాధి పోతుందని కొందరు, పశువులను అడవిలోకి పంపేవారివల్లే వస్తోందని కొందరు అంటారు. కోతి ఈ వ్యాధికి మనకంటే ముందు బలయ్యే జీవి, మనకు హెచ్చరిక ఇచ్చే జీవి. దాన్ని చంపడం, తరమడం వల్ల పిడుదులు మరో చోట రాలుతాయి.

5. అడవిలో చేసే మార్పుల ఫలితం అక్కడి కూలీ అనుభవిస్తున్నాడు. 1982-83లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో వచ్చిన పెద్ద ఉద్ధృతి, అడవిని నరికి జీడిమామిడి తోట వేసే పనితో ముడిపడినదని నమోదైంది. నరికిన నిర్ణయం ఒకరిది, జ్వరం మరొకరిది.

ఇలాంటి పటం గతంలో ఎందుకు పనికొచ్చేలా తయారుకాలేదో కూడా చెప్పాలి. ఎందుకంటే తొందరపడి వేసిన పటం లేనిదానికన్నా ప్రమాదం. మొదటి చిక్కు, రోగి చిరునామా. రిజిస్టరులో నమోదయ్యేది అతని ఇంటి ఊరు. పిడుదు కరిచింది ఆరు కిలోమీటర్ల అవతల అడవిలో. ఇంటి చిరునామాలతో గీసిన పటం ముప్పు ఎక్కడుందో కాక మనుషులు ఎక్కడ నిద్రపోతారో చూపుతుంది. రెండవ చిక్కు, నిఘా బాగున్నచోట కేసులు ఎక్కువ కనిపించడం. రక్తపరీక్ష చేయని ఊరిలో కేసులు సున్నా. ఆ సున్నాను ‘ముప్పు లేదు’ అని లెక్కలోకి తీసుకుంటే పటం అబద్ధం చెబుతుంది. మూడవది అడవి లెక్క. భారత అటవీ సర్వే సంస్థ ఒక హెక్టారు, అంతకు మించిన నేలలో చెట్ల పైకప్పు సాంద్రత పది శాతం దాటితే, అది ఎవరిదైనా, ఏ చెట్లయినా, అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది. ఆ లెక్క ఏ అవసరానికి పుట్టిందో దానికి సరిపోవచ్చు. కానీ రబ్బరు తోట, జీడిమామిడి తోట, అకేసియా తోట, అసలైన సతతహరిత అడవి ఒకే పచ్చరంగులో కలిసిపోతే, ఏ అంచు ముప్పును పెంచుతోందన్న ప్రశ్నకే జవాబు దొరకదు.

ఇవన్నీ పరిష్కరించదగిన చిక్కులే, అందుకు కావలసిన సామగ్రి దేశంలోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వద్ద 23.5 మీటర్లు, 5.8 మీటర్ల స్పష్టత గల మన ఉపగ్రహ చిత్రాలున్నాయి. 2009 నుంచి ఇస్రో వారి ఆన్‌లైన్ పటాల వేదిక భువన్ ఉంది. పశుగణన దేశవాళీ, సంకరజాతి పశువులను విడివిడిగా లెక్కిస్తుంది. వర్షపాతం, ఉష్ణోగ్రతల వివరాలు వాతావరణ శాఖ దగ్గరున్నాయి. కోతుల మరణాల సమాచారం అటవీ శాఖ దగ్గర, జ్వరాల సమాచారం ఆరోగ్య శాఖ దగ్గర, పిడుదుల సంగతి మా పశువైద్యుల దగ్గర ఉంది. ఒక శాఖ పుస్తకం మరో శాఖ బల్ల మీదికి రాకపోవడమే అసలు లోపం.

కనుక నా విన్నపాలు ఇవి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఐదు రాష్ట్రాలకూ కలిపి, గ్రామ పంచాయతీ స్థాయిలో, కోతి జ్వరం ముప్పు పటాన్ని ఏటా నవంబరు నెలాఖరులోపు తయారుచేసి బహిరంగపరచాలి. నవంబరు అనడానికి కారణం నింఫ్‌ల కాలం డిసెంబరులో మొదలుకావడమే. మార్చిలో వచ్చే పటం అధికారులకు నివేదిక అవుతుంది గానీ కూలీకి హెచ్చరిక కాదు. పటం కన్నడ, మలయాళ, తమిళ, కొంకణి, మరాఠీ భాషల్లో పంచాయతీ గోడ మీద, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పశువైద్యశాలలో, అటవీ చెక్‌పోస్టు దగ్గర ఉండాలి. ఎక్కడ నిఘా సరిపోక ఏమీ తేల్చలేమో ఆ ప్రాంతాలను పచ్చరంగులో కాక వేరే రంగులో చూపాలి.

రెండవది, ప్రతి కేసులోనూ ఇంటి చిరునామాతోపాటు గత రెండు వారాల్లో రోగి అడవిలో, తోటలో ఎక్కడ పనిచేశాడో అడిగి నమోదు చేయాలి. దీనికి కొత్త ఖర్చు లేదు, ఫారంలో ఒక వరుస చాలు. రోగి పేరు ఎక్కడా బయటికి రాకూడదు. కోతుల మరణాల స్థలాలను మాత్రం ఆ రోజే అందరికీ తెలపాలి. కబురిచ్చిన గ్రామస్థుడిని విచారణల పేరుతో తిప్పకూడదు, లేకపోతే రెండవసారి ఎవరూ కబురివ్వరు.

మూడవది, పటంలో ముప్పు ఎక్కువగా తేలిన పంచాయతీలకు, కేసు వచ్చేదాకా ఆగకుండా, పిడుదులను దూరంగా ఉంచే డీఈపీఏ నూనె, పరీక్ష సదుపాయం, వైద్యులకు శిక్షణ డిసెంబరులోపు చేరాలి. కొత్త టీకా అందుబాటులోకి వచ్చిన రోజున ఎవరికి ముందుగా ఇవ్వాలన్నది కూడా ఈ పటమే నిర్ణయించాలి.

నాలుగవది ఒక హామీ. ముప్పు పటాన్ని సాకుగా చూపి అడవిలో నివసించేవారిని ఖాళీ చేయించడం, 2006 అటవీ హక్కుల చట్టం కింద వారికున్న సేకరణ, మేత హక్కులను కుదించడం జరగదని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఈ హామీ లేకుండా పటం వేస్తే జనం దాన్ని నమ్మరు, జ్వరాన్ని దాచుకుంటారు. పైగా ఏ వాగు పక్కన పిడుదులు ఎక్కువో, ఏ నెలలో తగ్గుతాయో ఉపగ్రహానికన్నా ముందు తెలిసినవారు వారే. పటం తయారీలో వారిని కూర్చోబెట్టాలి.

ఐదవది, అడవిని తోటగా మార్చే ఏ ప్రతిపాదననైనా పరిశీలించేటప్పుడు ఈ పటాన్ని కూడా చూడాలి.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో, ఏ శాఖ ఈ పని బాధ్యత తీసుకుంటుందో, మొదటి పటం ఏ సంవత్సరం నవంబరులో వస్తుందో తెలుపుతూ బహిరంగంగా జవాబివ్వాలని కోరుతున్నాను. పిడుదుల సేకరణలో గానీ, క్షేత్ర సిబ్బంది శిక్షణలో గానీ నా అనుభవం ఉపయోగపడుతుందనుకుంటే ఏ వేతనమూ లేకుండా వచ్చి పనిచేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు